ఖరగ్‌పూర్ బయల్దేరిన రోజు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మిషన్ బడిలో పంతులుగా ఉన్న రోజుల్లో పిల్లలు దెయ్యం కబుర్లు మొదలుపెడితే కసిరేవాణ్ణి. ఇప్పుడు చెప్పేది దెయ్యం కథ కూడా కాదు. మరేమిటో మాత్రం నాకూ తెలియదు.

పంతొమ్మిది వందల ఇరవైల చివర మన్యంలోని అనంతగిరిలో పనిచేసేవాణ్ణి. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క. మా వైపు అప్ప అంటాం. బావకి రైల్వేలో పని, కాపురం ఖరగ్‌పూర్‌లో. అప్పకి జ్వరం ముదిరింది, కడసారి చూపు కావాలంటే వెంటనే రమ్మని ఒక సాయంత్రం తంతి అందింది.

మోటారు కారు మా చుట్టుపక్కల ఎవరికీ లేదు. కూర్చుని దారి ఆలోచించుకున్నాను. తెల్లవారుజామునే ఎడ్లబండిలో ఘాటీ దిగాలి. శృంగవరపుకోటలో మధ్యాహ్నం బస్సెక్కాలి. అది అందితేనే విజయనగరంలో సాయంత్రం రైలు. ఒకటి తప్పితే అన్నీ తప్పినట్టే.

తెల్లారింది. బండి రాలేదు. కొండవాళ్ళ ఇటుకల పండగ! నేను దాన్ని లెక్కలో వేసుకోనే లేదు. ఆ పండగ రోజుల్లో మన్యంలో మగవాళ్ళంతా వేటకి పోతారు, బండి తోలే మనిషి దొరకడు. అన్నేళ్ళు అక్కడ ఉండి ఆ మాత్రం తట్టనందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. పెట్టె వదిలేసి, చిన్న మూట భుజాన వేసుకుని నడిచాను.

ఎండెక్కింది. ఎంత పరుగెత్తినా బస్సు అందదని తెలిసిపోతోంది. దారిలోనే ఏడ్చేశాను.

ఒక మలుపులో ఆడవాళ్ళు దారికడ్డంగా వెదురుగడ పట్టుకుని నిలబడ్డారు. పండగ రోజుల్లో అది వాళ్ళ ఆట. ఏదో ఒకటి ఇచ్చేదాకా పాడి, ఆడి, ఏడిపించి గానీ బాటసారిని వదలరు. దండం పెట్టి బతిమాలబోయాను. ఒక ముసలామె గడ పైకెత్తేసింది.

"బేగి ఎల్లు బాబూ. నీకూ కలిపి మీ అప్ప ఇచ్చీసినాది."

"ఏ అప్ప?"

"ఇందాకే దిగినాది గదా. ఒల్లు కాలిపోతంది పాపం. తమ్ముడొస్తన్నాడు, ఆపకండని సెప్పినాది."

ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కిందికి చూస్తే దారిలో ఎవరూ లేరు.

శృంగవరపుకోట చేరేసరికి బస్సు వెళ్ళే వేళ ఎప్పుడో దాటిపోయింది. బస్సు మాత్రం అక్కడే ఉంది. లోపల జనం విసుక్కుంటున్నారు. డ్రైవరు నన్ను చూసి కేకేశాడు.

"మీరేనా పంతులుగారు? మీ అప్పగారు బండికి అడ్డంగా నిలబడిపోనారండీ. తమ్ముడొస్తే గానీ కదలనివ్వనన్నారు. ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారు, ఏటైపోనారో!"

వెతకబోతే జనం నన్ను లోపలికి లాగేశారు. బస్సు కదిలింది. రైలు అందింది.

మర్నాడు ఖరగ్‌పూర్‌లో చూస్తే అప్ప మంచానికి అతుక్కుపోయి ఉంది. వారంగా మంచం దిగలేదన్నాడు బావ. ఆమె జన్మలో మన్యం ఎరగదు. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"వచ్చీసినావా తమ్ముడూ? కాళ్ళు పీకేస్తన్నాయిరా," అంది.

పొద్దుగూకేసరికి పోయింది.

ఇది ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. డాక్టరుని అడిగాను, పాస్టరుగారిని అడిగాను. అంత జ్వరంలో నాకోసం అంత దూరం వచ్చింది మా అప్ప. అంత దూరం వెళ్ళి నేను ఆమెకి చేయగలిగింది కాళ్ళు ఒత్తడం ఒక్కటే.