మిరపకాయలాంటి దేశపటం

మా హిస్టరీ మేడమ్ పోయారని శనివారం పొద్దున హాస్టల్ మెస్‌లో తెలిసింది. గుండెపోటట. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననానికి తీసుకెళ్లారు. ఖననానికి ఆడవాళ్లు వెళ్లరట, మేం ఆడపిల్లలం మేడమ్ ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయాం.

"జపాన్ పాఠం సగంలో ఉంది కదే," అంది నా స్నేహితురాలు, తిరిగి బస్సెక్కుతూ. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

మీరు ఆవిణ్ణి చూసి ఉండరు. గుంటూరులో మా డిగ్రీ కాలేజీ దాటి ఆవిడ పేరు ఎక్కడా వినపడలేదు. పుట్టింటివాళ్లకి మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్టు ఉండేది. అందుకేనేమో, జపాన్ పటం గీసి, "ఎండి వంగిన కాయ అనుకోండి. తొడిమ దగ్గర హొక్కైడో దీవి, కొస దగ్గర క్యూషూ దీవి," అన్నారు.

మాకు సమురాయ్‌లంటే, జపాన్ పాతకాలపు కత్తివీరులంటే, సినిమా హీరోలే. వాళ్లని కత్తులు పెట్టుకోవద్దని ప్రభుత్వం ఆజ్ఞాపించిందనగానే, "అవమానంతో చచ్చిపోయుంటారు మేడమ్," అన్నాం.

"కొందరు తిరగబడ్డారు. మిగతావాళ్లకి మర్నాడు ఆకలేసుంటుందిగా? ఆ తర్వాత?"

మేం ఏ జవాబు చెప్పినా ఆవిడ అడిగేది అదే. ఆ తర్వాత?

చాలామంది దుకాణాలు పెట్టి చితికిపోయారట. ఎందుకో చూపిస్తానంటూ నన్ను లేపి, బల్ల మీద సంచీలోంచి కాసిని ఎండుమిరపకాయలు పోశారు. "మొన్నటిదాకా సమురాయ్‌వి. ఇప్పుడు మిర్చి అమ్ముకుంటున్నావు. నేను కొనడానికొచ్చా." ఒక కాయ విరిచి, గింజలు చూసి, మొహం చిట్లించారు. "నిమ్ముంది. తాలు కూడా కలిపావే!"

మాది ప్రకాశం జిల్లాలో మిరప పండించే కుటుంబం. నాకు నిజంగానే ఒళ్లు మండింది. "మా సరుక్కి వంకలు పెడతారేంటండీ? నచ్చకపోతే పొండి!"

క్లాసంతా ఘొల్లుమంది. "అదిగో, దుకాణం మూతపడిందమ్మా," అన్నారు మేడమ్, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ. "కత్తి దించడం ఒక్క రోజు పని. బేరం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లే మనం చదవాల్సింది."

నా వ్యాసాల్లో 'అరివీర భయంకర' లాంటి మాటలు కనిపిస్తే, రంగు పోయిన కాయని ఏరేసినట్టు, పక్కన 'తాలు' అని రాసేవారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు రాశాక నేనే ఏరుకుంటున్నాను.

ఆఖరి శుక్రవారం బెల్ కొట్టేసరికి పాఠం రెండో ప్రపంచ యుద్ధం చివర, బూడిదైన నగరాల దగ్గర ఆగింది. "బళ్లు మళ్లీ ఎలా తెరిచారో సోమవారం చెప్తా," అన్నారు.

సోమవారం ఇన్‌చార్జి సారు వచ్చి, "పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆ పాఠం వదిలేయండి," అన్నారు. మేం వదల్లేదు. గురువారం ఖాళీ పీరియడ్ అడిగి తీసుకున్నాం. చెప్పే పని నేను తీసుకున్నాను. లైబ్రరీలో వెతికితే దొరికింది: కప్పు లేని చోట పిల్లలు ఆరుబయట కూర్చుని చదివారు. పాఠ్యపుస్తకాల్లో యుద్ధాన్ని పొగిడిన వాక్యాలను టీచర్లు చూపిస్తుంటే పిల్లలే సిరాతో కొట్టేశారు. వాళ్లకి మిగిలిన మాటలేమిటా అని చాలాసేపు ఆలోచించాను.

గురువారానికి కూడా మేడమ్ గీసిన పటం బోర్డు మూలన అలాగే ఉంది. ఎవరికీ చెరపబుద్ధి కాలేదు. నేను డస్టర్ తీసుకుని చెరిపేశాను.

"ఏంటే అది!" అని లేచింది నా స్నేహితురాలు.

పాఠం నేను చెప్పాలంటే పటమూ నేనే గీయాలి. తొడిమ వంకరగా వచ్చింది. అయినా కొసదాకా గీశాను. ఆరుబయటి బడి గురించి, సిరా గురించి చెప్పి, ఆగాను.

వెనక బెంచీ నుంచి ఎవరో మెల్లగా అడిగారు, "ఆ తర్వాత?"

సుద్దముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. బోర్డు వైపు తిరిగాను.