గుట్టకు పెట్టిన రంపం

మా నాన్న మిర్యాలగూడ దగ్గర రైల్వే గేటు కాడ గేట్‌మ్యాన్‌గ చేసిండు. గేటు పక్కనే రెండు గదుల క్వార్టరు. నేను పెరిగింది అందులనే. పెండ్లయి సూర్యాపేటకు వచ్చినంక అన్నిటికీ అలవాటు పడ్డ గని, రైలు లేని ఊర్ల ఉండుడు మాత్రం అలవాటు కాలేదు. ఈ మాట ఎవరితోనన్నా అంటే నవ్వుతరని అనలేదు. సైన్సు టీచరు ఉద్యోగం వచ్చిన కొన్నేండ్లకు హైదరాబాద్ పోయినప్పుడు ఒక దుకాణంల అద్దం వెనక అరచేతిల పట్టే రైలింజను కనపడ్డది. అసలు ఇంజన్‌ల ఎనభై ఏడో వంతు ఉంటదట. కరెంటుతోటి నడుస్తది. ఎవరికోసమని దుకాణమాయన అడిగితే, "మా అక్క కొడుక్కు" అని అబద్ధం చెప్పి కొనుక్కున్న.

అట్ల మొదలైంది. 2011 వచ్చేసరికి మా ముందర గదిల సగం ఒక ప్లైవుడ్ బల్లనే ఉండేది. దాని మీద కోలగా చుట్టు తిరిగే పట్టాలు, ఒక ఇంజను, మూడు పొడుగు ప్యాసింజరు బోగీలు. మార్కెట్ యార్డుల పనిచేసే మా ఆయన మొదట్ల "నీకేమన్న పిచ్చా?" అన్నడు. తర్వాత బల్లకు కాళ్లు బిగించింది ఆయననే.

పట్టాలు పరుచుడు వచ్చు, వైర్లు కలుపుడు వచ్చు. గుట్టలు, వాగులు, చెట్లు చేసుడు నా చేతికి రాలేదు. రెండుసార్లు చేసి చూసిన. అది చూసి మా తోటి టీచరు "ఇది పేడకుప్పనా?" అని అడిగింది. దాంతోటి పీకి పారేసిన. బల్లకు ఒక పక్క నాలుగడుగుల మేర ఉత్త చెక్కనే మిగిలింది. రైలు అక్కడికి రాంగనే బొమ్మ లెక్క అయిపోయేది.

ఆ ఏడు ఒంటిపూట బడులు మొదలైన వారం హైదరాబాద్ దుకాణమాయన ఫోన్ చేసిండు. కోదాడల ఒక పెద్దాయన తన రైలు బల్లను ముక్కలు ముక్కలుగ ఇచ్చేస్తున్నడంట, పోయి చూడమన్నడు. ఆదివారం మా ఆయనతోటి బస్సెక్కిన.

పెద్దాయన మేళ్లచెరువు పక్క సిమెంటు ఫ్యాక్టరీల ఎలక్ట్రీషియన్‌గ చేసి రిటైరైనోడు. మనిషి బక్కగ, పొడుగు. నేను నమస్కారం పెడితే ఇంకో దిక్కు చూసి నమస్కారం పెట్టిన్రు. షుగరు జబ్బుతోటి రెండు కండ్లూ పోయినయని వాళ్లావిడ చెప్పింది. ఎండకూ నీడకూ తేడా తెలుస్తదంట, అంతే.

లోపలి గదిల గోడకు ఆనించి ఒక చెక్క ఫ్రేము ఉన్నది. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. దాని మీద సున్నపురాయి గుట్ట. గుట్టను పైదాంక చీల్చిన ఇరుకు సందుల నుంచి పట్టాలు వంపు తిరిగి పోతయి. అవతల చిన్న వాగు, వాగు మీద రాతి వంతెన. నేను ఉన్నకాడనే నిలబడిపోయిన. మేళ్లచెరువు పోయే తొవ్వల క్వారీల పక్కన గుట్టలు ఎట్ల ఉంటయో అట్లనే, పొరలు పొరలుగ, బూడిద రంగుల తెలుపు.

"రంగు కాదమ్మా అది," అన్నరాయన గుట్ట మీద వేళ్లు పెట్టి. "అసలు రాతి పొడే. జల్లెడ పట్టి, బంకలో కలిపి, పొర మీద పొర వేశాను. ఇదిగో, ఇక్కడ వాన నీళ్లు జారిన చార. ఇక్కడ రాయి పగిలింది. చూశారా?"

రెండేండ్లు పట్టిందట దానికి. తీసుకుంటనన్న. అప్పుడు ఆయన నా దిక్కు మొహం తిప్పిన్రు.

"టీచరమ్మా, ఒక్క మాట. దీనికి ఎక్కడా రంపం పెట్టనని మాటివ్వండి. మీ బల్లే దీనికి తగ్గట్టు మార్చుకోండి. రైలు నడిచిన రోజు నన్ను పిలవండి. చూడలేను గానీ వింటాను."

"పెట్టను సార్," అన్న. కొలతలు తీయకముందే అన్న.

మా ఆయన ట్రాలీ ఆటో మాట్లాడిండు. కింద పరుపు వేసి, ఫ్రేము పెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి తాళ్లు కట్టినం. ఇద్దరం వెనకాలనే దాన్ని పట్టుకోని కూసున్నం. అవి ఉద్యమం రోజులు. మునగాల దాటినంక రాస్తారోకో. లారీలు బారు కట్టినయ్. పక్క తొవ్వ నుంచి పోదామని మా డ్రైవరు ఆటోను మట్టిల దించితే, గుట్ట ఊగిన ఊపుకు నేను ఫ్రేమును రెండు చేతుల వాటేసుకున్న. నలుగురైదుగురు ఉరికొచ్చి ఆపిన్రు.

"ఏమున్నది పట్టా కింద?"

"గుట్ట," అన్న, భయానికి వేరే మాట రాక.

"గుట్టనా?" ఒకాయన తాడు ఇప్పబోయిండు. ఇంకొకాయన పట్టా మీద చెయ్యి పెట్టి ఒత్తబోతే మా ఆయన ఆ చెయ్యి పట్టుకున్నడు. దాంతోటి లొల్లి పెద్దగైంది. నేనే లేచి పట్టా ఒక మూల లేపి చూపెట్టిన. వాళ్లు వంగి చూసిన్రు. పట్టాలు, వంతెన, వాగు.

"సూర్యాపేటకు రైలు తెస్తున్నవా అక్కా?" అని చేతిల జెండా ఉన్నాయన అడిగిండు. అందరూ నవ్విన్రు. రాళ్లు పక్కకు జరిపి మమ్ములను ఇడిసిపెట్టిన్రు. మళ్ల తాళ్లు కట్టి, ఈసారి ముడి మీద ముడి వేసిన.

తెల్లారి బడి నుంచి వచ్చి అన్నం తిని, ఉత్త చెక్క ఉన్న పక్క పట్టాలు పీకి, ఫ్రేమును అక్కడ పెట్టి కొలతలు తీసిన. ఆయన పట్టాలు నా పట్టాల కంటే నాలుగు మిల్లీమీటర్లు కిందికి ఉన్నయ్. అది పెద్ద పరేషాన్ కాదు. ఫ్రేము కింద పాత పెండ్లి కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంట పోతే మట్టం కుదిరింది. పట్టాలను కలిపే చిన్న రేకులు తొడిగి, వైర్లు కలిపిన. ఇంజను ఒక్కటే నడిపితే గుట్టల నుంచి హాయిగ పోయింది. సంతోషం పట్టలేక కోదాడకు ఫోన్ చేసి, "సార్, వచ్చే ఆదివారం రండి," అన్న.

ఆ తర్వాత బోగీలు తగిలించిన.

మొదటి బోగీ సందుల సగం పోయి గర్రుమని ఆగింది. ఇంజను దాన్ని గుంజింది. బోగీ పట్టాల మీద నుంచి పక్కకు ఒరిగింది. మళ్ల పెట్టి నడిపిన. మళ్ల ఒరిగింది. అప్పుడు అర్థమైంది. ఆయన నడిపింది పొట్టి గూడ్సు వ్యాగన్లు. నావి పొడుగు బోగీలు. వంపు తిరిగేటప్పుడు పొడుగు బోగీ నడుము లోపలికి జరుగుతది. అక్కడ గుట్ట రాయి ముందుకు పొడుచుకొచ్చి ఉన్నది. తగిలేది గోరంత మేరనే. నాలుగు రోజులు బడి నుంచి వచ్చినంక దాని తోటే కొట్లాడిన. పట్టాలు అవతలికి జరుపుదామంటే అటు వాగు. ఫ్రేమును వంకర పెడితే వంతెన కాడ అతుకు కలుస్తలేదు.

రెండు రోజులకోసారి ఆయన ఫోను. "ఎలా ఉందమ్మా? జాయింటు దగ్గర ఎగరట్లేదు కదా?"

"లేదు సార్. మంచిగున్నది." బోగీల సంగతి ఒక్కనాడు కూడ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్తే రానంటరేమోనని భయం. మాట ఇచ్చేముందు ఇది చూసుకోలేదా అంటరేమోనని సిగ్గు.

శనివారం మధ్యాహ్నం మా ఆయన విసుగొచ్చి అన్నడు. "జరంత కోసెయ్. పుట్టీ పెట్టి సాపు చేస్తే అయిపాయె. ఆయనకు కండ్లు కనవడయి గదా."

ఆ మాట చెవుల పడంగనే కోపమొచ్చింది. గంట తర్వాత నేనే ఆక్సా బ్లేడు తీసుకొచ్చిన.

నెమ్మదిగనే పెట్టిన. నాలుగు గీతలు గీసిందో లేదో లోపల టప్పుమని చప్పుడైంది. గోరంత రాయి కాదు, బెత్తెడు పెల్ల ఊడి పట్టాల మీద పడ్డది. దాని వెనక నుంచి పాత న్యూసుపేపరు ముక్కలు కనపడ్డయ్, లోపల ఏమీ లేదు, డొల్ల. ఆ బొక్క నుంచి ఒక సన్నటి పగులు వంతెన దాంక పాకింది. నేను బ్లేడు కింద పెట్టి అట్లనే కూసున్న. రెండేండ్లు పట్టిందన్న ఆయన మాటనే చెవులల్ల తిరిగింది. తర్వాత గోడలకు పెట్టే పుట్టీ తెచ్చి బొక్క పూడ్చిన, బూడిద రంగు కలిపిన. రంగు కుదరలేదు. గుట్టకు పట్టీ కట్టినట్టున్నది. అయినా బోగీలు మాత్రం తగలకుండ పోయినయ్.

ఆదివారం పదకొండు దాటినంక పెద్దాయన, వాళ్లావిడ ఆటో దిగిన్రు. పన్నెండింటికి కరెంటు కోత. నేను పొద్దటి నుంచి పుట్టీకి ఫ్యాను పెట్టిన గని ముట్టుకుంటే ఇంకా చల్లగనే ఉన్నది. ఆయన వాళ్లావిడ భుజం పట్టుకోని గదిలకు వచ్చిన్రు. ఆమె చూపు నేరుగ గుట్ట మీదికి పోయింది, అక్కడ ఆగింది, తర్వాత నా మీదికి వచ్చింది. కుర్చీ జరిపి ఆయనను కూసోబెట్టింది.

రైలు నడిపిన. ఆయన తల పక్కకు వంచి విన్నరు. ఒక చుట్టు, రెండు చుట్లు.

"జాయింటు కింద మెత్తటిదేదో పెట్టారు."

"పెండ్లి కార్డులు సార్."

గట్టిగ నవ్విన్రు. ఆయన నవ్వుడు నేను చూసుడు అదే మొదలు. ఇంకో నాలుగు చుట్లైనంక చెయ్యి చాపిన్రు. "ఒకసారి ముట్టుకుంటాను."

"రైలు నడుస్తున్నది సార్, చెయ్యికి తగుల్తది. జర ఆగండి," అన్న. ఆయన చెయ్యి వెనకకు తీసుకున్నరు. గడియారం చూసిన. పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. ఏదో ఒకటి చెప్పి భోజనానికి లేపాలె అనుకుంటున్న. అంతల కరెంటు పోయింది. ఆ రోజు ఐదు నిమిషాల ముందే పోయింది. రైలు సరిగ్గ గుట్ట సందులనే ఆగింది.

"ఆగింది కదా ఇప్పుడు," అని ఆయన లేచిన్రు.

వేళ్లు ముందు బోగీ మీద పడ్డయ్. దాని పొడుగు కొలిచినట్టు అటు చివర దాంక పోయినయ్, మళ్ల నడుమకొచ్చినయ్. అక్కడి నుంచి రాయి మీదికి. పుట్టీ మీదికి రాంగనే ఆగినయ్. చూపుడువేలు తీసి బొటనవేలుతోటి రుద్దుకున్నరు. తడి. వేలు పగులు వెంబడి వంతెన దాంక పోయింది.

"ఎంత తీశారు?"

"జరంతనే తీద్దామనుకున్న సార్. పెల్ల ఊడొచ్చింది."

"ఎప్పుడు?"

"నిన్న."

గదిల ఉక్కపోత. తర్వాత ఆయన మెల్లగ అడిగిన్రు. "నాకు కనపడదులే అని దాచారా?"

లేదని అందామనుకున్న. నోరు రాలేదు. "అవును సార్," అన్న.

ఆయన వాళ్లావిడ భుజం కోసం చెయ్యి చాపిన్రు. వంట అయిందని, ఎండ పడి పోవద్దని మా ఆయన ఎంత చెప్పినా ఆగలేదు. మంచినీళ్లు కూడ ముట్టలేదు. ఆటో మూల తిరిగినంక నేను వంటింట్లకు పోయి, వాళ్ల కోసం వండిన కూర మూత తీసి, మళ్ల మూత పెట్టిన.

మూడు వారాలు ఆయన ఫోను రాలేదు. నేనూ చెయ్యలేదు. బల్ల మీద దుప్పటి కప్పిన. ఆఖరుకు బడికి వేసవి సెలవులు ఇచ్చిన తెల్లారి ఒక్కదాన్నే కోదాడ బస్సెక్కిన. ఇంటి ముందరికి చేరినంక కూడ తలుపు కొట్టనీకె చెయ్యి లేస్తలేదు. వాళ్లావిడనే తీసింది. లోపలికి రమ్మని, ఆయన స్నానానికి పోయిన్రని చెప్పింది. వంటింట్ల నాకు చాయ పోసుకుంట అన్నది. "ఆయనకి కనపడదని నేను రోజుకు ఎన్ని దాస్తానో మీకేం తెలుసు? మీరు ఒక్కటి దాచబోయి దొరికిపోయారు. తాగండి."

ఆయన వచ్చి కూసున్నంక చెప్పిన. "సార్, నాది తప్పు. ఫ్రేము వాపసు తెచ్చిస్త."

"పగిలిన గుట్ట నేనేం చేసుకుంటాను?" అన్నరు. కోపం తగ్గలేదు. కొంతసేపు మోకాళ్లు రుద్దుకున్నరు. "రంపం వద్దని ఎందుకన్నానో అడిగారా మీరు? లోపల డొల్ల. ఎక్కడ ఇనుప జాలీ ఉందో, ఎక్కడ ఉత్త కాగితమో నాకొక్కడికే తెలుసు. బోగీ పొడుగని చెబితే ఎక్కడ గీకాలో నేనే చెప్పేవాణ్ణి. వారం రోజులు ఫోన్లో మంచిగుంది, మంచిగుంది అన్నారు."

నేను చాయ గ్లాసు కింద పెట్టిన. ఆ చప్పుడుకు ఆయన ఇటు తిరిగి అడిగిన్రు. "ఆ పుట్టీ ఆరిందా?"

"ఆరింది సార్."

"అంతా పీకెయ్యండి. పీకాక ఫోన్ చెయ్యండి."

పుట్టీ అంతా పీకి ఫోన్ చేసిన. వారం తర్వాత వచ్చిన్రు, ఒక డబ్బాల సున్నపురాయి పొడి తీసుకోని. పళ్లెంల బంక పోయించుకోని వేళ్లతోటి కలిపిన్రు. బొక్కల ఇనుప జాలీ ముక్క వంచి పెట్టి, పైన పొర వేసిన్రు. తర్వాత నన్ను బోగీ చేత్తోటి తొయ్యమన్నరు. రాయికీ బోగీకీ నడుమ తన చిటికెనవేలు పెట్టిన్రు.

"మెల్లగా. ఇంకా మెల్లగా. ఆపండి."

వేలు నలుగుతదేమోనని నాకు చెమటలు. ఆయన మాత్రం ఆ చోట గోరుతోటి గీకి, "మళ్లీ," అన్నరు. అట్ల ఎన్నిసార్లో. నడుమల కరెంటు పోయింది, వచ్చింది. మూడు బోగీలూ ఒకదాని వెనక ఒకటి ఆయన వేలిని తాకకుండ పోయేసరికి పొద్దు గూకుతున్నది. ఆ రోజు మా ఇంట్లనే తిన్నరు, మా ఆయనతోటి ఫ్యాక్టరీ ముచ్చట్లు చెప్పుకుంట.

వంతెన కాడి పగులు పూర్తిగ పోలేదు. కొత్త రాయి కూడ పాత రాయి లెక్క లేదు, దాని మీద వేలి గుర్తులు ఉన్నయ్. తర్వాత మూడేండ్లల్ల ఆయన ఐదారు సార్లు వచ్చి ఉంటరు. నేనైతే ఆ గుట్ట మీద ఒక చెట్టు నాటాలన్నా ముందు కోదాడకు ఫోన్ చేసేదాన్ని. సగంసార్లు వద్దనేవారు. "అంత రాతి మీద మామిడిచెట్టు ఎలా మొలుస్తుంది టీచరమ్మా?" అని గట్టిగ కసిరేవారు. నేను మామిడిచెట్టు డబ్బాల పెట్టి, తుమ్మ పొదలు చేసుడు నేర్చుకున్న.