అన్‌ఫిట్ కాగితం

బొగ్గుబాయి కాలనీల్లో, అంటే గని కార్మికులుండే చోట, మనిషికి దగ్గొస్తే మందు అడుగుతారు. పెద్ద జబ్బొస్తే మాత్రం "కాగితం వస్తదా?" అని అడుగుతారు. కాగితం అంటే, ఈ మనిషి ఇక బాయి పనికి పనికిరాడు, అన్‌ఫిట్ అని వైద్యుల బోర్డు రాసిచ్చేది. అది చేతికొస్తే తండ్రి ఇంటిపట్టున ఉంటాడు, ఆ కొలువులో కొడుకు దిగుతాడు. అందుకే జగదీశ్వర్‌కు ఊపిరాడని జబ్బేదో పట్టుకుందని తెలిసిన రోజు భార్య జమున కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ, ఆమె తమ్ముడు నర్సింగం ముఖం మాత్రం వెలిగిపోయింది.

జగదీశ్వర్ టింబర్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. సగం జీవితం భూమి కిందే గడిచింది. వాళ్లుండే సెంటినరీ కాలనీలో అతని గుండెధైర్యం గురించి కథలు చెప్పుకునేవాళ్లు. అలాంటివాడికి ఈమధ్య బాయి మొగదల, లోపలికి దిగే ద్వారం, కనబడగానే గుండె దడదడలాడుతోంది, అరచేతులు తడిసిపోతున్నాయి, ఊపిరి అందడం లేదు. కిందికి దింపే కుర్చీ దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాడు. డ్యూటీకి నాగాల మీద నాగాలు. దవాఖానలో పరీక్షలన్నీ చేసి గుండె నిక్షేపంగా ఉందన్నారు. ఒకసారి సైకాలజిస్టును కలవమన్నారు. గోదావరిఖనిలో రాజరాజేశ్వరి అని ఒకావిడ ఉందని పేరు కూడా చెప్పారు.

"బావా, గిదే మంచి మోక," అన్నాడు నర్సింగం. యూనియన్ ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ తనకు తెలియని రూలు లేదనుకునే మనిషి. "గామెతోని పిచ్చి లేసిందని రాపిచ్చుకొని రా. బోర్డుల నీ కొడుకు రుత్విక్ కొలువు సంగతి నేను సూస్కుంట. నువ్వు జర యాక్టింగ్ చెయ్యాలె, గంతే. అడిగినదానికి జల్ది జవాబు చెప్పకు. గోడ దిక్కు సూడు. చేతులు వణికియ్యి."

"నా చేతులు నిజంగనే వణుకుతున్నయి గదరా."

"అవి సాలవు బావా. ఇంకింత వణకాలె."

నిజంగా జబ్బుపడ్డ మనిషికి జబ్బు నటించడం నేర్పే గురువు నర్సింగం ఒక్కడే అయి ఉంటాడు.

ఆ గురువారం జగదీశ్వర్ ముఖానికి దస్తీ కట్టుకుని బండి మీద బయలుదేరాడు. దారి పొడవునా ఒకటే ఫికర్. తన షిఫ్టువాడెవడైనా చూస్తే? రేపటికల్లా కాలనీ అంతా ‘జగదీశ్వర్‌కు మెంటలట’ అంటుంది. ఆవిడ తలకు వైర్లు పెడుతుందా? సూది పొడిచి పండబెడుతుందా? నేరుగా మేనేజర్‌కు ఫోన్ చేస్తే? యాక్టింగ్ ఎక్కువై ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపిస్తే? ఆమె గది ఉన్న మేడ కింద టైలరు కొట్టు ముందు బండి ఆపి, ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చినవాడిలా కాసేపు నిలబడి, ఎవరూ చూడటం లేదనుకున్నాక మెట్లెక్కాడు.

పైన స్పిరిట్ వాసన లేదు, కంపౌండర్ లేడు. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, నీళ్ల సీసా. రాజరాజేశ్వరి యాభై దాటిన మనిషి. అతను కూర్చుంటూనే ఎక్స్‌రేల కవరు ఆమె ముందు పెట్టి, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"గుండీలు పెట్టుకోండి జగదీశ్వర్ గారూ," అంది ఆమె నవ్వకుండా. "నా దగ్గర స్టెతస్కోపు లేదు. మాట్లాడుకోవడమే."

తర్వాత ఆమె చాలా సంగతులు చెప్పింది. ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు. ప్రాణం మీదికి వచ్చే సంగతైతే తప్ప ఇంట్లోవాళ్లకు కూడా చెప్పదు. మందులు తను రాయదు, అవసరమనిపిస్తే రాసే డాక్టరు దగ్గరికి పంపుతుంది. వారానికోసారి రావాలి, ఒక్కరోజులో తగ్గేది కాదు. కొన్నిసార్లు మాట్లాడి వెళ్లాక మనసు ఇంకా బరువెక్కొచ్చు, అది మామూలే. తనతో కుదరదనిపిస్తే మొహమాటపడకుండా చెప్పాలి, వేరేవాళ్ల పేరు ఇస్తుంది.

జగదీశ్వర్ గుబులు రెట్టింపైంది. నాతో కుదరకపోతే వేరేవాళ్ల దగ్గరికి పో అనే డాక్టరును అతను పుట్టిన తర్వాత చూడలేదు.

"కంపెనోళ్లకు ఫోన్ చేస్తరా మేడం?"

"మీరు ఒప్పుకోకుండా ఎవరికీ చెయ్యను."

ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. నర్సింగం చెప్పినట్టే అతను గోడ దిక్కు చూశాడు. చేతులు వణికించాడు. ఆమె విసుక్కోలేదు, తొందరపెట్టలేదు, అలా కూర్చుని ఉంది. ఆ మౌనమే అతని కొంప ముంచింది. నటిస్తున్న వణుకు ఎప్పుడు నిజమైందో తెలియలేదు, మోచేతుల దాకా పాకింది. ఊపిరి ఆడలేదు. చచ్చిపోతున్నాననుకున్నాడు.

"పాదాలు నేలకేసి గట్టిగా నొక్కండి," అంది ఆమె. "ఈ గదిలో ఏమేం కనబడుతున్నాయో నాకు చెప్పండి."

"ఫ్యాను... సీసా... కిటికీ..." అని చెప్పగా చెప్పగా ఊపిరి అందింది. దాంతోపాటు దాచిపెట్టిన మాటా బయటికొచ్చింది. "నేను కాగితం కోసం వచ్చిన మేడం. యాక్టింగ్ చేసిన."

"అన్‌ఫిట్ చేసే అధికారం నాకు లేదండీ. ఇప్పుడు ఊపిరాడనిది కూడా యాక్టింగేనా?"

"కాదు," అని తల దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె కోప్పడలేదు. నిద్ర గురించి అడిగింది, తాగుడు గురించి అడిగింది. చచ్చిపోవాలనిపించిందా అని నేరుగా అడిగింది. లేదన్నాడు. బాయిలో పని మొదలుపెట్టే ముందు ఇనుపరాడ్‌తో పైకప్పును తట్టి చూస్తారు. గట్టిగా మోగితే సరే, బోలుగా మోగితే ఆ కింద ఎవరూ నిలబడరు. ఆమె ప్రశ్నలు కూడా అలా ఒక్కోచోటా తట్టుకుంటూ వస్తున్నాయనిపించింది అతనికి.

"మొదటిసారి ఇలా ఎప్పుడైంది?"

అందరికీ చెప్పే జవాబే చెప్పబోయాడు. సదయ్య బాయి పనిలో అతని జోడీ. రెండేళ్ల కింద పైకప్పు కూలి కళ్లముందే పోయాడు. అప్పటినుంచే ఈ జబ్బు అని జమునకు చెప్పాడు, దవాఖానలో చెప్పాడు. కానీ అది అబద్ధం. సదయ్య కర్మకాండ అయిన మర్నాడే డ్యూటీకి పోయాడు, అదే చోట నిలబడి పని చేశాడు.

"నా జోడీ సదయ్య పోయినప్పుడు కాదు మేడం," అన్నాడు. "ఆయన కొడుకు డ్యూటీల జేరిన దినం. అచ్చం తండ్రి నడకే. లోపటికి పోయినంక పైకి సూసి, ‘కాకా, గట్టిగనే ఉన్నదా?’ అని అడిగిండు. గప్పుడే మొదటిసారి నాకు ఊపిరాడలె. గా పొద్దే మా బామ్మర్ది అన్నడు, మన రుత్విక్‌ను ఎప్పుడు దింపుదామని."

అంతే, బావురుమన్నాడు. "బాయికి భయపడెటోణ్ని కాదు మేడం. నేను అన్‌ఫిట్ అయితే నా కొడుకు దిగుతడు. ఎట్లనన్న నేనే దిగుదమంటే ఊపిరాడుతలేదు. నేనేం చెయ్యాలె?"

ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు. ఏడుపు ఆగేదాకా ఆగి, "ఈ మాట ఇంట్లో ఎవరికైనా తెలుసా?" అని మాత్రం అడిగింది. తెలియదన్నాడు. ఇవాళ్టికి సమయం అయిపోయింది, వచ్చే గురువారం ఇక్కడినుంచే మొదలుపెడదాం అంది. మెట్లు దిగుతుంటే జగదీశ్వర్‌కు ఒళ్లుమండింది. మందు లేదు, కాగితం లేదు, లోపలున్నదంతా కెలికి వదిలేసింది. ఇంత ఫీజూ ఇందుకా? దస్తీ కట్టుకోవడం కూడా మరిచిపోయి బండెక్కాడు.

ఇంటికొచ్చేసరికి నర్సింగం వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొడుకు రుత్విక్ గడప దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. డిప్లొమా అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లాడు.

"ఇచ్చిందా బావా?"

"ఇయ్యలె."

"వణికినవా మరి?"

"మస్తు వణికిన."

"గామె కాకుంటే కరీంనగర్ల ఇంకొకాయిన ఉన్నడు. రేపే పోదాం."

బాయి మొగదల దగ్గర కొట్టుకున్నట్టే కొట్టుకుంది జగదీశ్వర్ గుండె. పాదాలు నేలకేసి నొక్కాడు. "పోను. రుత్విక్ బాయిల దిగుడు నాకిష్టం లేదు. నాకు భయమైతాంది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ క్వార్టరులో ఆ మనిషి నోట ఆ మాట ఎన్నడూ వినబడలేదు.

"ఏంది బావా, పోరని బతుకు ఖరాబ్ చేస్తవా?" అని లేచాడు నర్సింగం. "చెప్పురా రుత్విక్, నువ్వన్న చెప్పు మీ బాపుకు!"

రుత్విక్ ఫోన్ పక్కన పెట్టాడు. మామ ముఖం చూడకుండా తండ్రి చేతుల వైపే చూశాడు. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"నాకు గూడ భయమే బాపు. కాగితం మాట లేసినప్పటిసంది నిద్ర పడ్తలేదు. నువ్వు గిన్నేండ్లు దిగినవు, నాకు భయమని నీకెట్ల చెప్పాలె?"

జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇంతకాలం ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు భయపడుతున్నారని జగదీశ్వర్‌కు అప్పుడు అర్థమైంది.

"గా మేడం దగ్గరికి నేను గూడ రావచ్చునా బాపు?"

"అడుగుత బిడ్డా," అన్నాడు జగదీశ్వర్ కొడుకు భుజం పట్టుకుని. "గని ఆడ యాక్టింగ్ నడువది."