నాయన ఉలుల పెట్టె

మా పెద్ద తమ్ముడు పోయాడని పోయిన నెల ఒక తెల్లవారుజామున ఫోను వచ్చింది. దేవుడి దగ్గర దీపం వెలిగించి అప్పుడే లేస్తున్నాను. నిద్రలోనే పోయాడట. ఆత్మకూరులో ఒక హైస్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చెక్కపని నేర్పేవాడు. ఎవరికి ఏ వస్తువు కావాలో ఆలోచించడం, దాన్ని గీయడం, చేత్తో చెయ్యడం, అన్నీ నేర్పేవాడు. అతని దగ్గర చదివినవాళ్లు ఇది చదువుతారు. మంచే రాయాలనుకున్నాను. జరిగింది కూడా రాయాలి.

కిందటి ఆయుధపూజ ఉదయం బాగా గుర్తుంది. ఉదయగిరి నుంచి మొదటి బస్సుకు వాళ్లింటికి వెళ్లాను. మరదలు వాకిట్లో ముగ్గు వేస్తోంది. నేను స్నానం చేసి పొంగలి కలుపుతున్నాను. గరిటె నేను తెచ్చుకున్నదే. నా వేళ్లు సరిగా ముడుచుకోవు. ఆ మధ్య తమ్ముడు నన్ను ఏడో తరగతి పిల్లల ముందు కూర్చోబెట్టి, నా చెయ్యి కొలిపించి, లావుపాటి పిడితో ఆ గరిటె చేయించాడు. "చెయ్యి చూడకుండా పిడి గీయొద్దు" అని వాళ్లకు చెప్పేవాడు.

ఆ ఉదయం కూడా గుమ్మంలో నిలబడి అడిగాడు. "పట్టు బాగుండాదా అక్కా?"

"బాగుండాది. నువ్వు పోయి స్నానం చెయ్యిరా, దేవుడు కాచుకోని ఉండాడు."

"దేవుడికి ఫస్ట్ బెల్లు లేదులే" అని నవ్వాడు.

తరువాత నాయన పెట్టె మోసుకొచ్చి పీట మీద పెట్టాడు. మా నాయన ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కి మమ్మల్ని పెంచాడు. ఆయన బొటనవేలు ఆని ఆని ఉలుల పిడుల మీద గుంటలు పడ్డాయి. పోయేముందు "ఇవి ఇల్లు దాటకూడదు" అన్నాడు. తమ్ముడు నా చేతిలో చెయ్యి వేసి సరేనన్నాడు.

ఆ గుంటలో ఒక్కసారి వేలు పెట్టి చూసుకుంటానని ప్రతి ఏడూ అడిగేదాన్ని.

"తెరవమాకు అక్కా. నూనె పూసి చుట్టిపెట్టినాను. గాలి తగిలితే తుప్పు పడతాది" అనేవాడు.

ఆ ఉదయమూ అదే మాట. మూత మీదే పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నాను.

పెద్దకర్మ మర్నాడు తాళంచెవి దొరికింది. తెరిచాను. లోపల నాయన తువ్వాలులో చుట్టిన నాపరాయి. అంతే.

మరదలు గోడకు ఆనుకుని కూర్చుంది. "ఉలులు బడిలో ఉండాయి వదినా. ఆరేళ్లైంది. పిల్లోళ్ల చేతులకు పెద్దవైతాండాయని ఆయనే పిడులు కోసేసినారు."

"మరి ఈ రాయేంది?"

"పెట్టె తేలిగ్గా ఉంటే నీకు తెలిసిపోతాదని. ప్రతి ఏడూ, ఈ తూరి అక్కకు చెప్పేస్తానే అనేవారు."

రాయికి దండం పెట్టడం నాకు కొత్త కాదు. దేవుడని తెలిసి పెడతాను. ఇది రాయి అని నాకు తెలియనివ్వలేదు.

పిల్లలు చేసిన అతుకులో సందు వస్తే, రంపపు పొట్టులో జిగురు కలిపి పూడ్చబోయేవాళ్లు. ఆపేవాడు. "తప్పు కనపడనీరా. కప్పితే అబద్ధం అయితాది" అనేవాడు. ఆ పాఠం నా దగ్గరికి వచ్చేసరికి పక్కన పెట్టాడు. అడిగితే ఇచ్చేదాన్నా? ఇవ్వనేమో. అయినా అడగాల్సింది.

ఉలులు తెచ్చుకుందామని మర్నాడు సంచి పట్టుకుని, చిన్న తమ్ముడూ నేనూ బడికి వెళ్లాం. డ్రాయింగు సారు పిల్లల్ని చూసుకుంటున్నాడు. బల్ల దగ్గర ఒక పాప చెంచా చెక్కుతోంది. ఉలి పిడి ఆమె గుప్పిట్లో ఇమిడిపోయింది. నాయన వేలి గుంట ఉండాల్సిన చోట కోత.

"ఈ ఉలి ఎవరిదమ్మా?"

"నాదే మేడం. ఈ పిరీడు వరకు" అంది, తల ఎత్తకుండా.

నా గరిటె చెక్కింది కూడా వీటితోనే అని అప్పుడు తట్టింది. సంచి ఖాళీగానే తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం మరదలితో కలిసి ముగ్గురం కూర్చున్నాం.

"నువ్వు ఊఁ అను అక్కా, రేపే పోయి తెచ్చేస్తా" అన్నాడు చిన్న తమ్ముడు.

"మాట తప్పింది వాడు. ఆ పాప కాదు గదరా" అన్నాను.

చివరికి అనుకున్నది ఇదీ. ఉలులు బడిలోనే ఉంటాయి. ఆయుధపూజకు బడికి దసరా సెలవులు కాబట్టి, సెలవులిచ్చే ముందే నేను వెళ్లి వాటికి బొట్టు పెట్టి వస్తాను. పెట్టె మరదలి దగ్గరే, తమ్ముడి ఫోటో కింద, రాయితో సహా ఉంటుంది. దాని మూత మాత్రం ఇక ఎవరూ వేయకూడదు.