మొదటి వాయి

తాకేటా బస్సుల మలుపులో బజ్జీలు వేసే తాయారు ఎవరు చెప్పినా పొయ్యి ఆర్పదు. జ్వరమొచ్చినా నిలబడే వేస్తుంది. రోజూ మొదటి వాయి డబ్బులు రేకు డబ్బాలో పడతాయి. అవి విదేశంలో ఫ్రెంచి భాషలో వైద్యం చదువుతున్న హ్నిన్ ఖర్చులకు. ఆ పిల్ల చుట్టమేమీ కాదు. కానీ తాయారు చెల్లెలు పురుటి నొప్పుల్లో ఆస్పత్రికెళ్లే పడవ అందక ప్రాణం వదిలింది హ్నిన్ వాళ్ల పల్లెలోనే. "డాక్టరైనాక మీ ఊరెల్లు, సాలు" అన్నదొక్కటే తాయారు షరతు.

సెలవులకొచ్చిన హ్నిన్, తదింజుత్ దీపాల పండక్కి బర్మీయులంతా పెద్దలకు మొక్కినట్టే, పొయ్యి పక్కన మోకరిల్లింది. తాయారు చప్పున పాదాలు చీరలోకి లాక్కుంది. హ్నిన్ వదల్లేదు. చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "ఎన్నాళ్లనుంచి అత్తా ఇది?" "రోజల్లా నిలబడితే వాయదేటి? మొక్కేసినావు కదా, లెగు." "ముందు నువ్వు కూకో. రేపు ఆస్పత్రికెల్దాం."  తాయారు బొగ్గుల మీద నీళ్లు చల్లి, పీట మీద కూర్చుంది. బజ్జీలకొచ్చిన రాజబాబుతో వీధంతా వినబడేలా చెప్పింది: "ఇయ్యాల లేవురా. మా డాక్టరు కూకోమంది."