బోరింగు జిల్లుమన్న రోజు

కాఫీ పళ్ళు కోసిన రోజే తొక్క తీసెయ్యాలి. మర్నాటికి ఉంచితే పులిసిపోతాయి, ఇక వాటిని ఎవడూ కన్నెత్తి చూడడు. అందుకే, అరకు పక్క కొండ మీద మా ఊళ్ళో సరిగ్గా కోతల్లో కరెంటు పోయేసరికి మా ఆయనకి కాలూ చెయ్యీ ఆడలేదు. సిల్వర్ ఓక్ కొమ్మ విరిగిపడి, స్తంభం నుంచి మా ఇంటికొచ్చే రెండు వైర్లలో ఒకటి తెగింది. కరెంటు వచ్చే ఫేజు బాగానే ఉంది. తిరిగి వెళ్ళే న్యూట్రల్ పోయింది. లైన్‌మేన్‌కి ఫోన్ చేస్తే, ఘాట్ రోడ్డు పొడుగునా ఇదే గొడవ, రేపు గాని రాలేనన్నాడు.

మా ఆయన ఆగే మనిషా! మీటరు బోర్డులో న్యూట్రల్ దగ్గర నుంచి ఒక వైరు లాగి, పెరట్లో బోరింగు గొట్టానికి చుట్టేశాడు. భూమిలోకి దిగిన ఇనుప గొట్టం కదా, కరెంటు అటే తిరిగిపోయింది. తొక్క తీసే మిషను మోటారు గిర్రున తిరిగింది.

"సూసినావా!" అన్నాడు గర్వంగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న కొండ కింద ఊళ్ళో వైర్‌మేన్. ఎర్తు అనేది ఆపదలో మనిషిని కాపాడడానికే గాని రోజూ కరెంటు మొయ్యడానికి కాదని, ఇలాంటి పనులు చేసేవాళ్ళని ఆయన తిట్టని రోజు లేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే మీ నాన్నొచ్చి ఈ పళ్ళు ఒలుత్తాడేటి?" అన్నాడు మా ఆయన.

మేమిలా కీచులాడుకుంటుండగానే మా అత్త పళ్ళు కడగడానికి బుట్టతో బోరింగు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చెప్పులు తొడగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరే, సెయ్యి జిల్లుమంటందిరా," అంది పిడి వదిలేసి.

మా ఆయన వెళ్ళి పిడి పట్టుకుని గబగబా కొట్టాడు. నీళ్ళు వచ్చాయి. "ఏటీ లేదమ్మా. పొద్దున్నించీ కోసి కోసి నరం పట్టీసుంటది," అన్నాడు. ఆయన కాళ్ళకి దళసరి రబ్బరు చెప్పులు. కొడుకు మాట మీద అత్త మళ్ళీ పిడి వైపు చెయ్యి చాపింది.

"అత్తా, ఆగు!"

చెప్పులు విప్పి తడిమట్టిలో నిలబడ్డాను. వేళ్ళ వెనక వైపుతో పిడిని తాకాను. మా నాన్న చూస్తే చెంప పగలగొట్టే పని అది. మోచెయ్యి దాకా షాకు కొట్టింది. విదిలించుకుని వెనక్కి పడ్డాను.

మా ఆయన మొహం పాలిపోయింది. "అమ్మా, దూరం జరుగు!" అంటూ గొట్టానికి చుట్టిన వైరు పీకెయ్యడానికి ఉరికాడు. ఆ ఉరుకులో ఒక చెప్పు బురదలో ఉండిపోయింది.

అసలు భయం నాకప్పుడు పుట్టింది. మోటారు ఇంకా తిరుగుతోంది. ఆ వైరు గొట్టం నుంచి ఊడిందంటే, అప్పటిదాకా భూమిలోకి పోతున్న కరెంటంతా ఊడిన కొసలో కాచుకుని ఉంటుంది. పట్టుకున్న మనిషే దానికి దారి అవుతాడు.

"ముట్టుకోకు! సచ్చిపోతావు, ముట్టుకోకు!"

పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయన వినిపించుకోలేదు, వంగాడు. ఇక అరిచి లాభం లేదని ఇంట్లోకి పరిగెత్తి, బోర్డులో ఫ్యూజు పీకేశాను.

మోటారు ఆగింది. పెరట్లోంచి మాట లేదు, మూలుగు కూడా లేదు. ఫ్యూజు గుప్పిట్లో బిగించి, బయటికి వెళ్ళలేక అలాగే గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"పెళ్ళాం మాట ఇనవేట్రా, గుంటడా!" అత్త గొంతు.

ఆ తిట్టు వినగానే గుమ్మంలో కూలబడి ఏడ్చేశాను. నా కేక విని, ఎందుకో ఏమిటో తెలియకపోయినా, అత్త వెనక నుంచి ఆయన చొక్కా పట్టి లాగేసిందట. వేళ్ళు వైరుకి బెత్తెడు దూరంలో ఉన్నాయట.

ఫ్యూజు కొంగున ముడేసుకున్నాను. పళ్ళు బుట్టల్లోనే పులిసిపోయాయి. ఆయన ఫ్యూజు ఇమ్మని అడగలేదు.

మర్నాడు లైన్‌మేన్ వచ్చి న్యూట్రల్ కలిపాడు. ఇప్పుడు బోరింగుకి ఏ వైరూ లేదు. అయినా పిడి పట్టుకోబోయే ముందు అత్త చెయ్యి ఒక్కోసారి తటపటాయిస్తుంది. అది కంటపడితే చాలు, మా ఆయన చేస్తున్న పని వదిలి వస్తాడు. చెప్పులు విప్పి, ముందు తను ముట్టుకుంటాడు.