దెబోరా గ్రాఫిక్స్ కార్డు

గ్రేసమ్మకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయినప్పుడు, రుద్రవరంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే కోడలు దెబోరా ఉద్యోగం మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. ఇంకెవరు చూసుకుంటారని కూడా ఎవరూ అడగలేదు. భర్త శాంతయ్య అవుకులో టీచరు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి వెళ్లిపోయేవాడు. మరిది బెన్నీ హైదరాబాదులో పనికి కుదిరి, తన కంప్యూటరును ఆళ్లగడ్డ ఇంట్లోనే వదిలిపోయాడు. ఇది 2005 నాటి సంగతి.

దెబోరా వాకిలి దాటితే చాలు, మంచం మీంచి పిలుపు వచ్చేది. ఏమీ తోచక ఒకనాడు బెన్నీ ఆడుకునే ఆట తెరిచింది. గుర్రమెక్కి పెద్ద మైదానంలో ఎటైనా పోవచ్చు. కానీ ఆ యంత్రంలో గుర్రం నాలుగడుగులు వేసి కొయ్యబారేది. బొమ్మ నాణ్యత తగ్గిస్తే కదిలేదిగానీ, దూరమంతా తెల్లటి మంచు కమ్ముకునేది.

బెన్నీకి ఫోన్ చేసి అడిగింది.

"ఆ మంచులో కొండలుండాయి వదినా. ఇప్పుడుండే గ్రాఫిక్స్‌కు వాటిని చూపించే బలం లేదు. కొత్త కార్డు ఏపిచ్చుకో, కనపడతాయి."

ఆ కొండలు ఆమెను కుదురుగా ఉండనీయలేదు. పక్కింటి ఓబులమ్మను అత్త దగ్గర కూర్చోబెట్టి, సీపీయూ డబ్బాను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని నంద్యాల బస్సెక్కింది. ఎన్నో నెలలకు ఊరు దాటుతోంది. కిటికీలోంచి మాత్రం ఏమీ చూడలేదు. గతుకు వచ్చినప్పుడల్లా డబ్బాను అదుముకుంటూనే ఉంది.

దుకాణం మల్లేశ్‌ది. డబ్బా విప్పి కార్డు బిగించాడు. కంప్యూటరు వెలగలేదు.

"కార్డు మంచిదేనక్కా. దానికి నీ డబ్బాలో కరెంటు చాలడంలే. కరెంటిచ్చే పెట్టె, ఎస్ఎంపీఎస్, మార్చాల. అది కర్నూలు నుంచి రావాల."

"ఈ పొద్దే కాదా? నేను మళ్లీ రాలేనన్నా."

"ఆళ్లగడ్డ ఎంత దూరమక్కా?"

ఆమె గోడ గడియారం వైపు చూసింది. అప్పటికే మూడు దాటింది. ఓబులమ్మ ఇంటికి పోయే వేళ అవుతోంది.

చివరికి కార్డునూ డబ్బానూ తీసుకుని ఇంటికి తిరిగొచ్చింది. కర్నూలు నుంచి ఎస్ఎంపీఎస్ రాగానే మల్లేశే దాన్ని ఒక కండక్టరు చేతికిచ్చి పంపాడు. దెబోరా బస్టాండుకు పరుగున పోయి తెచ్చుకుని, బెన్నీ ఫోన్లో చెబుతుంటే ఒక్కో తీగా తానే తగిలించింది.

ఈసారి వెలిగింది. మంచు లేదు. మైదానం చివర వరసగా నీలం కొండలు, వాటి మీద ఎండ. గ్రేసమ్మ దిండ్లకు ఒరిగి చూస్తోంది.

"ఆడికి పో," అంది.

దెబోరా గుర్రాన్ని తోలింది. వాగు దాటి, గడ్డి దాటి, కొండ మొదటికి వచ్చేసరికి గుర్రం ఆగిపోయింది. కాళ్లు ఆడుతున్నాయి, అడుగు మాత్రం పడటం లేదు. ఎదురుగా కంచె లేదు, గోడ లేదు.

"ఏందీ, నిలబడ్నావ్?"

"పోనియ్యడంలేదత్తా."

"ఎవురు?"

"ఎవురూ లేరు."

"ఆ కొండలు ఉత్త బొమ్మ వదినా. ఎంత కార్డేసినా ఆడికి పోలేం," అని బెన్నీ ఫోన్లో నవ్వాడు. దెబోరా ఫోన్ పెట్టేసి, గుర్రాన్ని కొండ పొడుగునా అటూ ఇటూ తోలి చూసింది. ఆ సేపంతా గ్రేసమ్మ ఆమెను పిలవలేదు.

శనివారం శాంతయ్య రాగానే, చెంబుతో నీళ్లిచ్చి, "ఈడికి బదిలీ పెట్టుకో. నాకు ఊపిరాడ్డంలేదు," అంది. అతను చూద్దామన్నాడు.

"చూసేదేంది రా, అర్జీ రాయి," అంది మంచం మీంచి గ్రేసమ్మ.

బదిలీ జూన్‌లో వచ్చింది, ఆళ్లగడ్డలోనే మధ్యాహ్నం పూట నడిచే బడికి. రుద్రవరం బడివాళ్లు దెబోరాను పొద్దుటి తరగతులకే తీసుకున్నారు. ఆమె బడికి పోయిన మొదటిరోజు, తల్లి అడిగిందని శాంతయ్య ఆట పెట్టాడు. గుర్రం వాగులో పడింది.

"నీకు తోలేది రాదు, లెయ్," అంది గ్రేసమ్మ. "కోడల్ని రానీ."

మధ్యాహ్నం దెబోరా బస్సు దిగి వచ్చి చెప్పులు విడుస్తుండగానే లోపలినుంచి పిలుపు వినిపించింది.